టీవీ పెట్టాలా, పుస్తకాల బీరువా పెట్టాలా? అపార్ట్‌మెంట్ గది గొడవ

మురళీనగర్_గ్రౌండ్‌ఫ్లోర్
మా అపార్ట్‌మెంట్లో వాచ్‌మన్ గది పక్కన పది బై పన్నెండు గది ఒకటి ఖాళీ అయింది. పిల్లలకీ పెద్దలకీ నాలుగు విషయాలు తెలిసేలా ఏదైనా పెడదామన్నారు, అక్కడిదాకా బాగానే ఉంది. సగంమంది 55 అంగుళాల టీవీ అంటారు, "ఈ రోజుల్లో పుస్తకం ఎవడు ముట్టుకుంటాడు" అని. మిగతా సగం పుస్తకాలంటారు, "టీవీ చూసి బాగుపడ్డవాడెవడు" అని. మూడు మీటింగులు అయ్యాయి, టీ ఖర్చు గది ఖర్చుని దాటేలా ఉంది. చేతిలో 40 వేలున్నాయి. అసలు మనిషి దేన్నుంచి ఎక్కువ నేర్చుకుంటాడు? ఉత్త అభిప్రాయాలు మా మీటింగుల్లోనే బోలెడు. పని తెలిసినవాళ్లు చెప్పండి.

కంచరపాలెం_కుర్రోడు
ఇందులో డిబేట్ ఏటి? టీవీలో బొమ్మా మాటా రెండూ ఉంటాయి. పుస్తకంలో మాట ఒక్కటే. రెండు పెద్దదా ఒకటి పెద్దదా?

లెక్కల_మేష్టారు
ఆ లెక్క అలా కుదరదు బాబూ. ఏం నేర్చుకోవాలన్నది ముందు తేలాలి.

మన విశాఖ బీచ్ రోడ్డులో కుర్సురా జలాంతర్గామి ఉంది కదా. అది మునిగేదెలా? బరువు కోసం నీళ్లు నింపుకునే బల్లాస్ట్ ట్యాంకులుంటాయి, వాటి పైన ఉన్న వెంట్లు, అంటే గాలి పోయే మూతలు, తెరుస్తారు, లోపలి గాలి పోతుంది, అడుగునుంచి సముద్రం నీళ్లు ఎక్కుతాయి, బరువు పెరిగి మునుగుతుంది. పైకి రావాలంటే వెంట్లు మూసేసి, సిలిండర్లలో కుదించి ఉంచిన గాలిని ట్యాంకుల్లోకి వదులుతారు. నీళ్లు వచ్చిన దారినే కిందనుంచి బయటికి పోతాయి. టీవీలో ఇది 40 సెకన్ల యానిమేషన్. అదే పుస్తకంలో రెండు పేజీలు రాసినా, సగంమంది పిల్లలు నీళ్లు పైనుంచి నింపుతారనే అనుకుంటారు.

ఇప్పుడు "ఎన్ని టన్నుల నీళ్లు ఎక్కితే మునుగుతుంది" అని అడగండి. టీవీ చేతులెత్తేస్తుంది. సాంద్రత వేసుకోవాలి, ఘనపరిమాణం వేసుకోవాలి, మూడో లైన్లో తప్పు పోతే మొదటి లైనుకి వెళ్లి చూసుకోవాలి. కదిలేది చూడాలంటే టీవీ, వెనక్కెళ్లి చూసుకోవాల్సింది ఉంటే పుస్తకం.

కంచరపాలెం_కుర్రోడు
వెనక్కెళ్లాలంటే రిమోటుంది కదా మేష్టారూ.

లెక్కల_మేష్టారు
ఉంది. నొక్కేవాడు ఏడీ? పదిమంది కూర్చున్న గదిలో ఒక్కడికి అర్థం కాలేదని వెనక్కి తిప్పితే మిగతా తొమ్మిదిమంది ఊరుకుంటారా? పుస్తకంలో ఎవడి పేజీ వాడిది.

సీతమ్మధార_వంటిల్లు
కదిలేది, వెనక్కెళ్లేది అని అంత తేలిగ్గా విడదీయలేరు. అరిసెల పాకమే తీసుకోండి. పుస్తకంలో "ఉండ పాకం రానివ్వాలి" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. కొత్తవాళ్లకి ఏం తెలుస్తుంది? టీవీలో కంటికి కనపడుతుంది. చన్నీళ్ల గిన్నెలో పాకం చుక్క వేసి వేళ్లతో దగ్గరికి తీస్తే, కరిగిపోకుండా మెత్తటి ఉండ కావాలి. సాగి జారిపోతే లేత పాకం, అరిసె నూనెలో విడిపోతుంది. ఆ ఉండ గిన్నెకేసి కొడితే టంగుమందా, ముదిరిపోయినట్టే. అరిసె కాదు, అటక మీద దాచుకునే రాయి.

ఇంతవరకూ టీవీదే గెలుపు. కానీ టీవీ దాచేది ఒకటుంది, టైము. "బియ్యం ముందే నానబెట్టి ఉంచుకున్నానండీ" అని ఒక్క మాటతో రాత్రి మొత్తం ఎగరగొట్టేస్తారు. నానిన బియ్యం వడకట్టాలి, గుడ్డ మీద కాసేపు ఆరబెట్టాలి, చెమ్మ ఉండగానే పిండి పట్టించి జల్లించాలి, ఆ పిండిని ఆరిపోకుండా నొక్కి మూతపెట్టాలి. పొడిబారితే అరిసె అంచులు పగులుతాయి. ఇవన్నీ కెమెరాకి విసుగు, అందుకే కత్తిరిస్తారు. పుస్తకంలో వరసగా ఉంటాయి. పాకం టీవీలో చూడాలి, పద్ధతి పుస్తకంలో చదవాలి.

గాజువాక_గడియారం
టీ ఖర్చుకే ఏడుస్తున్న అసోసియేషన్‌కి ఇప్పుడు అరిసెలు కూడానా.

జగదాంబ_జంక్షన్
మిగతావి ఎలా ఉన్నా సమాచారానికి మాత్రం టీవీయే. తుపాను వస్తుంటే పేపరు రేపటిదాకా రాదు, పుస్తకం అసలే రాదు. రేవులో పదో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారంటే అదే అన్నిటికంటే పెద్దదని టీవీ చూసే ప్రతివాడికీ తెలుసు. పుస్తకం చదివి తెలుసుకోవాలా ఏంటి?

రేవుపక్కన
జగదాంబ గారూ, టీవీకి అనుకూలంగా మీరిచ్చిన ఉదాహరణే దానికి అడ్డం తిరిగింది. ఆ నంబర్లు పదికి ఇన్ని మార్కులన్న లెక్క కాదు.

ఒకటి: దూరంగా సముద్రంలో వాయుగుండం ఉంది. రెండు: దూరంలోనే అది తుపానుగా మారింది. ఈ రెండిట్లో రేవుకి అప్పటికప్పుడు ముప్పు లేదు, బయటికెళ్లే ఓడలకి చెప్పడానికి. మూడు, నాలుగు స్థానిక హెచ్చరికలు. మూడు అంటే రేవులో ఈదురుగాలులు. నాలుగు అంటే తుపాను ముప్పు ఉండొచ్చు, కానీ ఇంకా తేలలేదు.

ఐదునుంచే అసలు సంగతి. ఐదు, ఆరు, ఏడు మూడూ తుపానుకే. తేడా దారిలోనే. తుపాను వెళ్లే దారికి రేవు ఎడమపక్క పడితే ఐదు, కుడిపక్క పడితే ఆరు, రేవు మీదుగా గానీ బాగా దగ్గరగా గానీ దాటితే ఏడు. తీవ్ర తుపాను అయితే అదే వరసలో ఎనిమిది, తొమ్మిది, పది. అంటే ఎనిమిదికీ పదికీ తుపాను బలంలో తేడా లేదు, ఎటునుంచి పోతుందన్నదే తేడా. ఇంక పది మీద పదకొండు అని ఒకటుంది: వాతావరణ కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

మన తీరానికి దీనర్థం చూడండి. మన అర్ధగోళంలో తుపాను గాలి గడియారం ముల్లుకి ఎదురు తిరుగుతుంది. తుపాను పడమరగానో వాయవ్యంగానో వచ్చి తీరం దాటుతుంది. రేవు దారికి కుడిపక్క ఉందంటే తుపాను మనకి దక్షిణంగా దాటుతోందన్నమాట. అప్పుడు గాలి సముద్రం మీదనుంచి ఊరి మీదికి కొడుతుంది, ఉప్పెన అటే. ఎడమపక్క ఉంటే తుపాను ఉత్తరాన దాటుతోంది, గాలి నేల మీదనుంచి సముద్రం వైపు. కాబట్టి ఒడ్డున ఉండేవాళ్లకి ఎనిమిది కంటే తొమ్మిది భయం. ఇది టీవీ కింద పరిగెత్తే పట్టీలో పడుతుందా?

జగదాంబ_జంక్షన్
...పది అంటే పదికి పది అనుకున్నాను ఇన్నాళ్లూ.

కంచరపాలెం_కుర్రోడు
పట్టీ రాసినోడు తప్పు రాస్తే టీవీ ఏం సేస్తాది? అరగంట ప్రోగ్రాం పెట్టి బొమ్మ గీసి సెప్తే ఇదే విషయం టీవీలో ఇంకా బాగా తెలుస్తాది.

రేవుపక్కన
తెలుస్తుంది, కాదనను. గాలి తిరిగే దిక్కు ఉపగ్రహ చిత్రాలు వరసగా వేసి చూపిస్తే ఎవరూ మర్చిపోరు. తుపాను కన్ను ఊరిమీదికి వచ్చినప్పుడు ఇంకా బాగా పనికొస్తుంది. కన్ను వచ్చాక గాలి టక్కున ఆగుతుంది, తగ్గిపోయిందనుకుని జనం రోడ్డెక్కుతారు, కాసేపటికి అదే గాలి ఎదురు దిక్కునుంచి విరుచుకుపడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది, ఇక్కడివాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

కానీ గాలి వేగాన్ని బట్టి తుపానుకి పెట్టే వర్గాల అంకెలు చూడండి. గంటకి 62 నుంచి 88 కిలోమీటర్లు తుపాను, 89 నుంచి 117 తీవ్ర, 118 నుంచి 166 అతి తీవ్ర, 167 నుంచి 221 ఇంకా పై మెట్టు, 222, ఆపైన అయితే సూపర్ సైక్లోన్. ఈ ఐదు మెట్లూ ఒకసారి వింటే నిలుస్తాయా? కాగితం మీద రాసి తలుపుకి అంటించుకోవాల్సిందే.

డిష్_స్పానర్
దీనికి ఇంకో చిక్కు. మనకి డిష్‌లో వచ్చేది కేయూ బ్యాండ్ అనే రకం తరంగాలు. గట్టి వాన పడితే ఆ తరంగాలని వాన చినుకులే పీల్చేసుకుంటాయి, బొమ్మ గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. తుపాను గురించి టీవీ చూసి నేర్చుకుందామని ఏ రోజు కూర్చుంటారో ఆ రోజే బొమ్మ పోతుంది. కరెంటు ఎలాగూ ముందే పోతుంది. బ్యాటరీ రేడియో ఒకటి కొని పెట్టుకోండి, ఈ రెంటి గొడవలో దాని ఊసే ఎవరూ ఎత్తట్లేదు.

గాజువాక_గడియారం
టీవీకీ పుస్తకానికీ పోటీ పెడితే రేడియో కప్పు పట్టుకుపోయింది.

పాత_ప్రసారం
మీరంతా చదవడం వచ్చినవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. అక్షరం రానివాళ్లకి పుస్తకం అంటే అట్ట వేసిన కాగితాల కట్టే. ఈ ప్రశ్న మన దేశంలో కొత్తదీ కాదు. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా ఉపగ్రహం నుంచి ఊళ్లకి టీవీ పాఠాలు చూపించే సైట్ అని ప్రయోగం చేశారు. అమెరికావాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం, ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 ఊళ్లు. అందులో అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది, తెలుగులోనూ ప్రసారాలొచ్చాయి. డిష్‌లు కోళ్లగూళ్లకి కొట్టే జాలీతో చేశారు, వెడల్పు మూడు మీటర్లు. రోజుకి నాలుగు గంటలు: పొద్దున బడి పిల్లలకి, సాయంత్రం పెద్దలకి వ్యవసాయం, ఆరోగ్యం. అంతకంటే ముందు 1967 జనవరి 26నే ఢిల్లీలో రైతుల టీవీ కార్యక్రమం కృషి దర్శన్ మొదలైంది. చదువురాని రైతుకి విత్తనశుద్ధి ఎలా చేయాలో చూపించాలంటే ఏ పుస్తకం పనికొస్తుంది?

ఇంకొకటి. పాట వస్తుంటే అదే భాషలో పాట మాటలు కింద వేసి, పాడే మాట రంగు మారేలా చేయడం ఉంది. ఐఐఎం అహ్మదాబాద్‌లో ఉన్నప్పుడు ఆచార్యుడు బ్రిజ్ కొఠారి దీన్ని సినిమా పాటలతో మొదలుపెట్టాడు. అక్షరాలు సగం సగం వచ్చినవాళ్లు తెలిసిన పాట పాడుకుంటూ చదివేస్తారు. టీవీయే చదవడం నేర్పిస్తోంది. మురళీనగర్ గారి గదిలో వాచ్‌మన్ పిల్లలూ కూర్చుంటారు కదా, ఇది ఆలోచించండి.

మురళీనగర్_గ్రౌండ్‌ఫ్లోర్
కూర్చుంటారు. వాచ్‌మన్ భార్యకి చదవడం రాదు. మూడు మీటింగుల్లో ఒక్కరికీ ఈ ముక్క తట్టలేదు.

చదువు_శాస్త్రం
పాత_ప్రసారం గారిది బలమైన మాట. చదవడం వచ్చినవాళ్ల విషయానికొస్తే పరీక్ష పెట్టి చూసినవాళ్లున్నారు. గావ్రియెల్ సాలమన్ అనే ఆయన 1984లో అచ్చేసిన అధ్యయనంలో ఆరో తరగతి పిల్లల్లో కొందరికి కథ తెరమీద చూపించాడు, కొందరికి అదే కథ చదవమని ఇచ్చాడు. టీవీ తేలిక, చదవడం కష్టం అని పిల్లలు ముందే అనుకున్నారు. తేలికనుకున్నదాని మీద బుర్ర తక్కువ పెట్టారు. నేరుగా చెప్పనిదాన్ని ఊహించి చెప్పే ప్రశ్నల్లో చదివినవాళ్లే ముందున్నారు. అంటే తప్పు పెట్టెది కాదు, దాని ముందు వెనక్కి వాలి కూర్చోవడానిది.

జగదాంబ_జంక్షన్
1984 టీవీ వేరు కదండీ. ఇప్పుడు ఆపొచ్చు, తిప్పొచ్చు.

చదువు_శాస్త్రం
నిజమే. కానీ ఆపితేనే కదా తేడా. ఆపి ఏం చేయాలో 2006లో రోడిగర్, కార్పికి చేసిన ప్రయోగం చూస్తే తెలుస్తుంది. ఒక గుంపు పాఠం మళ్లీ చదివింది, ఇంకో గుంపు కాగితం మూసేసి గుర్తున్నది రాసింది. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత అడిగితే తలకిందులు, మూసి రాసినవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పుస్తకాన్ని నాలుగుసార్లు తిరగేసి "వచ్చేసింది" అనుకునేవాడూ, టీవీ చూసి "తెలిసిపోయింది" అనుకునేవాడూ ఒకే పడవలో ఉన్నారు.

గదిలో చేయాల్సింది ఇది. పాఠం 20 నిమిషాలనుకోండి. ఏడు నిమిషాలకోసారి ఆపండి. తెర ఆర్పేయండి, ఊరికే పాజ్ కాదు, బొమ్మ కనపడకూడదు. ప్రతివాడూ చిత్తు కాగితం మీద మూడు ముక్కలు రాయాలి: ఏం చెప్పారు, ఎందుకలా జరుగుతుంది, ఏది అర్థం కాలేదు. రెండు నిమిషాలు చాలు. అర్థంకానిది పాఠ్యపుస్తకంలో వెతకాలి. మర్నాడు పాఠం మొదలెట్టేముందు నిన్నటి కాగితం చూడకుండా మళ్లీ చెప్పించాలి. మూడో రోజుకి పిల్లలు గోల పెడతారు, "సినిమాలా ఉండట్లేదు" అని. అంటే పని జరుగుతున్నట్టే.

కంచరపాలెం_కుర్రోడు
ఏడు నిమిషాలకోసారి టీవీ ఆర్పేస్తే గుంటలు రాళ్లేస్తారు సార్.

లెక్కల_మేష్టారు
మన రాష్ట్రం పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషు ఉంటున్నాయి కదా. లోపల క్యూఆర్ కోడ్‌లు కూడా ఉన్నాయి. ఫోన్‌తో స్కాన్ చేస్తే దీక్షా అనే ప్రభుత్వ పాఠాల యాప్‌లో వీడియో తెరుచుకుంటుంది. పుస్తకమే టీవీకి తలుపు తీసింది, మనం ఇంకా గుమ్మంలో కొట్టుకుంటున్నాం. ఫోన్‌ని టీవీకి కలపండి చాలు.

వెన్నెల_ఎంవీపీ
మరీ చిన్నపిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టకండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది: రెండేళ్లు నిండని పిల్లలకి తెర వద్దు, రెండునుంచి నాలుగేళ్లవాళ్లకి రోజుకి గంట మించొద్దు, తక్కువైతే ఇంకా మంచిది. వాళ్లకి అట్టపేజీల బొమ్మల పుస్తకం, పక్కన చదివి చెప్పే మనిషి.

డిష్_స్పానర్
టీవీ కొనేట్టయితే 55 వద్దు. కారణం వినండి.

వెనక వరస తెరకి పది అడుగుల దూరంలో కూర్చుంటుంది, అంటే మూడు మీటర్లు. అక్షరం ఇబ్బంది లేకుండా చదవాలంటే దూరాన్ని 200తో భాగిస్తే వచ్చేంత ఎత్తు ఉండాలి, అంటే 15 మిల్లీమీటర్లు. 43 అంగుళాల తెర ఎత్తు దాదాపు 53.5 సెంటీమీటర్లు, అందులో సుమారు 36 వరసలు పడతాయి. మామూలు ప్రసారంలో నిలువునా 576 గీతలే. 36తో భాగిస్తే ఒక్కో అక్షరానికి 16 గీతలు. ఇంగ్లీషుకి చాలు. తెలుగుకి ఆ 16లోనే పైన గుడి, మధ్యలో అక్షరం, కింద వత్తు ఇరకాలి. వత్తు మసకైపోయి చుక్కలా కనిపిస్తుంది. 55 కొన్నా గీతలు పెరగవు, ఉన్న గీతే లావవుతుంది. మిగిలిన డబ్బు పుస్తకాలకి పెట్టండి.

డిష్: దూరదర్శన్‌వాళ్ల ఫ్రీ డిష్ పెట్టుకుంటే నెలవారీ రుసుము లేదు. పీఎం ఈ-విద్య, స్వయంప్రభ అనే ప్రభుత్వ పాఠాల ఛానళ్లు అందులో ఉంటాయి. స్వయంప్రభలో నాలుగు గంటల కొత్త పాఠాలు వేసి, వాటినే ఆ రోజు ఇంకో ఐదుసార్లు తిప్పి వేసేలా ఏర్పాటు, కాబట్టి పొద్దున తప్పినా సాయంత్రం దొరుకుతుంది. బాక్సు కొత్త రకం ఎంపెగ్-4దే అడగండి. పాత ఎంపెగ్-2 బాక్సులో చాలా ఛానళ్లు రావు, జనం డిష్ తిప్పి తిప్పి చస్తారు.

ఉపగ్రహం జీశాట్-15, 93.5 డిగ్రీల తూర్పున. విశాఖ నుంచి చూస్తే దిక్సూచిలో 149 డిగ్రీలు, అంటే ఆగ్నేయానికీ దక్షిణానికీ మధ్య. ఎత్తు 66 డిగ్రీలు. ఇది ఆఫ్‌సెట్ డిష్, అంటే సంకేతం పట్టే ముక్క మధ్యలో కాకుండా కిందివైపు ఉంటుంది, కాబట్టి రేకు అంత వెల్లకిలా పడుకున్నట్టు కనపడదు, ఇరవై డిగ్రీల పైచిలుకు నిటారుగా ఉన్నట్టుంటుంది. ఇది తెలియక కొందరు దాన్ని మరీ వెల్లకిలా తిప్పేస్తారు. ఫోన్ దిక్సూచిని ఇనుప ఊచల పక్కన పెట్టి చూడకండి, తప్పు చూపిస్తుంది. బాక్సు తెరమీద రెండు గీతలుంటాయి. స్ట్రెంత్ ఎంతున్నా ఒకటే, క్వాలిటీ పెరిగేలా అర అంగుళం అర అంగుళం జరపండి.

మన ఊళ్లో ఉప్పుగాలి ఒక శత్రువు. సంకేతం పట్టే ఆ ముక్క, ఎల్ఎన్‌బీ, దగ్గర కనెక్టరు ఏడాదిలో పచ్చగా పూస్తుంది. దాని మీద రబ్బరు టేపు చుట్టండి, వైరు గోడలోకి వెళ్లేముందు కిందికి ఒక వంపు వదలండి, వాననీళ్లు అక్కడ కారిపోతాయి. డిష్‌ని రాయి పెట్టి నిలబెట్టొద్దు. నాలుగు యాంకర్ బోల్టులతో స్లాబుకి బిగించాలి. రేవుపక్కన గారు చెప్పిన గాలికి రాయితో సహా లేచి పక్కింటి కారు మీద పడుతుంది.

మురళీనగర్_గ్రౌండ్‌ఫ్లోర్
ఇదంతా ప్రింటు తీసి మీటింగులో పంచుతాను. పుస్తకాలవైపు కూడా ఎవరైనా ఇలా చెప్పండి. గదికి ఒక గోడ బాత్‌రూంది, చెమ్మ ఉంది.

చెదల_శత్రువు
ఆ గోడకి బీరువా పెట్టారా, మీరు పుస్తకాలు కాదు బూజు పెంచుతున్నట్టు. గాలిలో తేమ 65 శాతం దాటితే కాగితం మీద బూజు మొలకెత్తుతుంది. విశాఖలో ఏడాదిలో ఎక్కువ రోజులు అంతకంటే ఎక్కువే. ఎదురు గోడకి, గోడకీ రాక్‌కీ మధ్య మూడు అంగుళాలు వదిలి పెట్టండి, గాలి ఆడాలి. అద్దాల తలుపులు మూసి తాళం వేసే బీరువా అందంగా ఉంటుంది, లోపల మాత్రం ఆవిరి పెట్టె. తెరిచిన స్టీలు రాక్ మేలు.

మూడు అడుగుల అరకి 25, 30 కేజీల బరువు పడుతుంది. 22 గేజ్ రేకు మధ్యలో కిందికి వంగుతుంది. 18 గేజ్ అడగండి, నంబరు తగ్గితేనే రేకు లావు. కొట్టువాడు అటూ ఇటూ చెప్పి మోసం చేసేది ఇక్కడే. అర నిండా బిగించొద్దు. నాలుగు వేళ్ల సందు వదలండి, పిల్లలు పుస్తకం వెన్ను పట్టుకుని లాగితే అతుకు ఊడేది బిగుతువల్లే. అడుగు అర నేలకి ఆరు అంగుళాల పైన ఉండాలి, చెదలు పాకితే మట్టిగీత కంటపడాలి.

పాత పుస్తకాలు ఎవరైనా విరాళమిస్తే నేరుగా రాక్‌లో పెట్టకండి. ఒక్కదానితో పురుగు అన్నిటికీ పాకుతుంది. పాలిథిన్ సంచిలో పెట్టి గాలి పిండేసి, టేపు వేసి, డీప్ ఫ్రీజర్‌లో వారం ఉంచండి. తీశాక సంచి ఒక రోజంతా విప్పకండి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద గాలిలో చెమ్మ దిగి, పురుగు చచ్చినా బూజు పుడుతుంది.

సీతమ్మధార_వంటిల్లు
డీప్ ఫ్రీజర్‌లో పుస్తకాలా? ఆవకాయ పక్కనా?

చెదల_శత్రువు
ఆవకాయని ఫ్రీజర్‌లో పెట్టేవాళ్లకి నేను పుస్తకాలివ్వను.

వెన్నెల_ఎంవీపీ
పుస్తకాలన్నీ ఒకేసారి కొనకండి. ముందు పిల్లల్ని ద్వారకానగర్ పబ్లిక్ లైబ్రరీకి తీసుకెళ్లి ఏ అర దగ్గర ఆగుతున్నారో చూడండి. అలాంటివి వంద కొంటే చాలు మొదటికి. రిజిస్టరు పెట్టండి: వరస సంఖ్య, పేరు, తీసుకున్న తేదీ, ఫ్లాటు నంబరు. రెండు వారాల గడువు. రిజిస్టరు లేని గ్రంథాలయం ఆర్నెల్లలో ఖాళీ రాక్ అవుతుంది.

మురళీనగర్_గ్రౌండ్‌ఫ్లోర్
ఇదీ అనుకున్నది. 43 అంగుళాల టీవీ, ఎంపెగ్-4 బాక్సు, డిష్. 18 గేజ్ రాక్ ఒకటి, ఎదురు గోడకి. మిగిలినదాంతో పుస్తకాలు. సాయంత్రం ఆరునుంచి ఏడు టీవీ, ఏడు నిమిషాలకోసారి ఆర్పేసే పద్ధతిలో. ఏడునుంచి ఎనిమిదిన్నర తెర ఆర్పేసి చదువు. ఆదివారం పొద్దున పాటలు, కింద మాటలతో, పెద్దవాళ్లకి. తలుపుకి తుపాను నంబర్ల కాగితం. బ్యాటరీ రేడియో కూడా రాసుకున్నాను.

గాజువాక_గడియారం
బాగుంది. రిమోటు, గది తాళం చెవి ఎవరి దగ్గర ఉంటాయి?

మురళీనగర్_గ్రౌండ్‌ఫ్లోర్
అది నాలుగో మీటింగు. ఆదివారం పదిన్నరకి. టీ ఉంటుంది.